ఒక్క పేరే పట్టే గడి

రెండోసారి కాగిన నీళ్ళు కూడా చల్లారిపోయాయి.

బకెట్, సబ్బుపెట్టె, తువ్వాలు, మడతపెట్టిన దుప్పటి అన్నీ వరండాలో రోజూ ఉండే చోటే ఉన్నాయి. షమీమ్ ఒక్కతే ఉండాల్సిన చోట లేదు. వీధి మెట్టు మీద, పోయేవాళ్ళందరికీ కనపడేలా, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

లోపల మంచం మీంచి అత్త ఖాదర్‌బీ మూలుగు వినిపిస్తోంది. పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. ఆ ముద్దలోంచి మాటలు ఏరుకోవడం ఇంటి మొత్తానికి షమీమ్ ఒక్కదానికే చేతనవును.

"ఏడున్నరయింది," అన్నాడు వాసిం గుమ్మంలో నిలబడి. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర అతనిది పంక్చర్ షాపు. ఈపాటికి షట్టరెత్తి రెండు లారీల టైర్లు విప్పి ఉండాలి. "అమ్మ తడిలో ఉంది షమీమ్."

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా?"

"నాకేం సంబంధం? గవర్నమెంటు లెక్కలో మీ అమ్మని చూసుకునేది ఫర్హత్. నందిగామ నించి రమ్మనండి. వచ్చి కడగమనండి."

"మెల్లిగా మాట్లాడు. వీధిలో ఉన్నాం."

"వీధి గోడకే కదా అంటించారు? ఇంక నేను మెల్లిగా మాట్లాడి ఏం లాభం?"

నిన్న సాయంత్రం వార్డు సచివాలయం గోడ మీద ఆ జాబితా చూసిన దగ్గర్నుంచి ఆమె అన్నం ముట్టలేదు.

మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇళ్ళకి కొత్త పథకం. ముందు జగ్గయ్యపేట, నందిగామల్లో కొన్ని ఇళ్ళలో నడిపి చూసి, బాగుంటే అన్నిచోట్లా పెడతారట. వారానికి రెండు పూటలు ఆయా ఇంటికొచ్చి పెద్దవాళ్ళని చూసుకుంటుంది. ఆ రెండు పూటలూ, రోజూ చూసుకునే మనిషికి సెలవు. ఆ మనిషి పేరు రాయడానికి ఫారంలో ఒకటే గడి. ఖాదర్‌బీ పేరుకి ఎదురుగా ఆ గడిలో చిన్నకోడలు ఫర్హత్ పేరుంది. ఆ లెక్కన ముసలామె ఇక్కడ మంచం మీద ఉంటే, ఆయా వెళ్ళి నందిగామలో తలుపు కొడుతుందన్నమాట.

సర్కారు పీడించినప్పుడు ఎలా తప్పుకోవాలో ఈ పేటలో అందరికీ తెలుసు. మంచి చేస్తానని వచ్చినప్పుడే ఇళ్ళు కూలేది.

పథకం సంగతి మొదట విన్న రోజు వాసిం నవ్వులాటకి అడిగాడు, "ఆ రెండు పూటలూ ఏం చేస్తావే? సినిమాకెళ్తావా?" అని.

"పడుకుంటా," అంది షమీమ్. రెండు గంటలకోసారి అత్తని పక్కకి తిప్పడానికి లేస్తూ మూడేళ్ళు గడిపిన మనిషి.

ఇప్పుడామె మొగుడి వైపు చూడకుండానే అంది, "పదిరోజుల కిందట సర్వేకొచ్చినప్పుడు నేను మందుల షాపుకెళ్ళా. ఇంట్లో ఉంది మీరే."

"ఉన్నా. స్నానం చేస్తున్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"స్నానానికి ఫోన్ తీసుకెళ్ళారా? సరిగ్గా అదే టైముకి మీ తమ్ముడితో పదకొండు నిమిషాలు మాట్లాడారు."

"నా ఫోన్ చూశావా?"

"చూశా."

"ఇంతదాకా వచ్చామా మనం?"

"నేను రాలేదు. తీసుకొచ్చారు."

ఎదురింటి పుల్లయ్య పాల ప్యాకెట్టు ఊపుకుంటూ వచ్చి ఆగాడు. "ఏంటి వాసిం, ఇవాళ మీ ఇంట్లో బందా?"

"నువ్వెళ్ళు పుల్లయ్యా."

"వెళ్తాలే. మా ఆవిడ కూడా చేద్దామంటోంది, పద్ధతి కనుక్కుందామని అడిగా."

ఎవరూ నవ్వలేదు. పుల్లయ్య ప్యాకెట్టు ఇంకో చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయాడు.

లోపల మూలుగు కాస్త పెద్దదయింది. వాసిం బకెట్ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. షమీమ్ తల తిప్పలేదు గానీ చెవులు అక్కడే పెట్టింది. మంచం కిర్రుమంది. తర్వాత ఖాదర్‌బీ అరుపు. తడిసిన దుప్పటిని బాగున్న చేత్తో మెడదాకా లాక్కుని, కొడుకుని దగ్గరికి రానివ్వడం లేదామె. కన్న కొడుకైనా మగవాడే.

వాసిం బకెట్ తెచ్చి మళ్ళీ అదే చోట పెట్టాడు. చేతులు పొడిగా ఉన్నాయి.

ఫోన్ తీసి తమ్ముడికి చేశాడు. "ఐజాజ్, మీ ఆవిణ్ణి తీసుకుని వెంటనే రా. ఎందుకో వచ్చాక చెబుతా. రా ముందు."

గంట తిరక్కుండా కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఐజాజ్‌కి నందిగామ గాంధీ సెంటర్ దగ్గర చెప్పుల షాపుంది. వెనక సీట్లోంచి ఫర్హత్ దిగింది. ఇస్త్రీ చీర, చెవులకి కమ్మలు, తల దువ్వి జడ వేసుకుంది. కబురు వినగానే పరిగెత్తుకొచ్చిన మనిషిలా లేదని షమీమ్ మనసులో రాసుకుంది.

"ఏంటక్కా, అత్తమ్మని అలా వదిలేసి వీధిలో కూర్చున్నావ్?"

"నీ కోసమే. పదిరోజుల్నించీ నువ్వే చూసుకుంటున్నావంట కదా! ఎలా ఉంది అత్తమ్మ? రాత్రి నిద్రపోయిందా?"

"ఏం మాటలవి?"

"గోడ మీద మాటలు. పోయి చదువుకో."

ఐజాజ్ మధ్యలోకి వచ్చాడు. "వదినా, ఏదో పొరపాటున పడుంటుంది. దానికింత..."

"పొరపాటయితే ఫర్హత్ పేరే ఎందుకు పడాలి? పుల్లయ్య పెళ్ళాం పేరు పడొచ్చుగా? పదకొండు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు మీ అన్నదమ్ములు?"

"షాపు అద్దె గురించి," అన్నాడు వాసిం.

"షాపు బోర్డు గురించి," అన్నాడు ఐజాజ్ అదే క్షణంలో.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. షమీమ్ కొంగు నెత్తి మీదకి లాక్కుని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టు నయం.

"అద్దె, బోర్డు రెండూ మాట్లాడాం వదినా," అన్నాడు ఐజాజ్. "కావాలంటే ప్రమాణం చేస్తా."

"నాకైతే ఏమీ తెలీదు," అంది ఫర్హత్. "నా పేరెందుకు పడిందో, ఎవరు వేయించారో. అల్లా మీద ఒట్టు."

ఆమె ఒట్టు పూర్తయ్యేసరికి వార్డు సచివాలయంలో పనిచేసే జాయిస్ స్కూటీ దిగింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆ రోజు సర్వేకొచ్చింది ఈమే. భుజాన ట్యాబ్, సంచిలో వేలిముద్ర మిషను. ఒక్కతే నాలుగు వీధులు తిరగాలి కాబట్టి మనిషి ఎప్పుడూ పరుగులోనే ఉంటుంది.

"షమీమ్ ఆంటీ, మీరు నిన్న ఆఫీసు దగ్గర అరిచి వెళ్ళారంట కదా. అందుకే ముందు మీ ఇంటికే వచ్చా. పదింటికి లిస్టు లాక్ అయిపోతుంది. మార్పులేమన్నా ఉంటే ఇప్పుడే."

"నా పేరు ఎవరు తీసేశారమ్మా?"

"ఎవరూ తీయలేదాంటీ. మీ పేరు పడనే లేదు." జాయిస్ ట్యాబ్ తెరిచింది. "ఫర్హత్ గారి పేరు చెప్పారు. ఆమె ఫోన్‌కి ఓటీపీ వెళ్ళింది. నేనే ఫోన్ చేసి, ఎందుకో చెప్పి అడిగా. ఆమె నంబరు చదివారు. సరిపోయింది."

వీధిలో స్కూటీ ఇంజను మాత్రం టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.

"ఒట్టు వేశావే ఇప్పుడే," అంది షమీమ్.

ఫర్హత్ మొహం ఎర్రబడింది. "రోజుకి పది ఓటీపీలొస్తాయి. గ్యాస్‌దనుకున్నా."

"ఎందుకో చెప్పానండీ," అంది జాయిస్ మెల్లిగా.

"నా పేరు చెప్పింది ఎవరు మరి?" ఫర్హత్ గొంతు పెంచింది. "అది అడగదేం అక్క? నేనొచ్చి చెప్పుకున్నానా?"

అందరి కళ్ళూ వాసిం మీదకి వెళ్ళాయి. అతను రెండు చేతులూ ఎత్తాడు. "నేను కాదు. అమ్మ తోడు."

"అంకుల్ కాదు," అంది జాయిస్. "ఇంట్లోవాళ్ళని అడక్కూడదు మేము. పెద్దావిడనే అడగాలి, అది రూలు. మాట అర్థం కాలేదని ఒక్కొక్క పేరూ చదివా. షమీమ్ ఆంటీ పేరు రెండుసార్లు చదివా. కళ్ళు మూసుకున్నారు. ఫర్హత్ గారి పేరు చదవగానే ఎడం చెయ్యి ఎత్తారు."

షమీమ్ మెట్టు మీంచి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకుని నిలబడి, ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళింది.

ఖాదర్‌బీ పైకప్పు వైపు చూస్తోంది. గదిలో వాసన. షమీమ్ మంచం పట్టె మీద కూర్చుంది.

"మూడేళ్ళు, అత్తమ్మా. నా పేరు చదివితే కళ్ళు మూసుకున్నావా?"

ముసలామె కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. "ఆ... పలక?"

"బయటుంది. జాయిస్ దగ్గర. ఇక్కడెవరూ లేరు."

అప్పుడు మొదలుపెట్టింది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, ఎడమచేత్తో కోడలి మణికట్టు పట్టుకుని. మామగారు పోయిన కొత్తలో ఎవరో పేర్లు రాసుకోడానికి వచ్చారు. ఇద్దరు కొడుకులూ బంగారంలా చూసుకుంటున్నారని గొప్పగా చెప్పింది. పింఛను ఆగిపోయింది. ఇంకోసారి వచ్చినవాళ్ళకి ఎండలో వచ్చారని ఫ్రిజ్జులోంచి చల్లనీళ్ళు తెప్పించి ఇచ్చింది. తాగారు. ఫ్రిజ్జుందని రాసుకున్నారు. రేషన్ కార్డు పోయింది. మళ్ళీ తెచ్చుకునేసరికి ఏడాది పట్టింది.

"ఉన్నదేదో... చెప్తే... తీసుకుపోతారు." ఖాదర్‌బీ గొంతులో గురక. "నువ్వున్నావని... ఎట్టా చెప్పను?"

"మరి ఫర్హత్?"

"దాన్ని... తీసుకుపోతే పోనీ."

షమీమ్ అత్త చేతి మీద తన చెయ్యి వేసింది.

ఆ ఫారం తయారుచేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. చెడ్డవాళ్ళు కూడా అయ్యుండరు. ఇంట్లోవాళ్ళు బెదిరించి చెప్పించకూడదని, మంచాన ఉన్న మనిషినే అడగమని పెట్టారు. ఆ మనిషిని పదేళ్ళ కిందటే తామే బెదిరించేశామని వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఫారంలో గడి లేదు.

షమీమ్ బయటికొచ్చేసరికి మొహంలో కోపం లేదు. అత్త చెప్పినది ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఫర్హత్‌కి.

"పొరపాటున చెయ్యెత్తిందంట. నా పేరు రాయమ్మా. నీళ్ళు పెట్టుకోవాలి, ఆలస్యమైపోయింది."

"రాస్తానాంటీ. అయితే ముందు ఫర్హత్ గారు వేలిముద్ర వెయ్యాలి." జాయిస్ ట్యాబ్‌లోది చదివింది. "'ఈ వృద్ధురాలి సంరక్షణ నేను చూడడం లేదు' అని."

"వెయ్యి ఫర్హత్," అన్నాడు ఐజాజ్. "అయిపోతుంది."

"వెయ్యను."

"ఏంటే?"

"వెయ్యనన్నా." ఫర్హత్ చేతులు కట్టుకుంది. "పెళ్ళయిన ఏడాదికే మొగుడి చేత వేరు కాపురం పెట్టించిందన్నారు. అత్త మంచాన పడితే తొంగి చూడలేదన్నారు. మీ చుట్టాల్లో ఏ పెళ్ళికెళ్ళినా నా వెనక ఆ గుసగుసలే. ఏదో నా అదృష్టం కొద్దీ ఒక కాగితం మీద నా పేరు మంచిగా పడింది. మా వీధి సాంబయ్య గారు నందిగామలో అంటించిన జాబితా చూసి, 'నువ్వు చూసుకుంటున్నావామ్మా!' అన్నారు. ఆ మాటకి నేను కాదనలేదు. అవును, ఓటీపీ చెప్పా. కావాలనే చెప్పా. ఇప్పుడు నేను చూడట్లేదని నా వేలితో నేనే ముద్ర వెయ్యాలా? ఆ కాగితం కూడా గోడకి అంటిస్తారుగా?"

జాయిస్ ట్యాబ్ వైపు చూపు తిప్పుకుంది. అంటిస్తారు కాబట్టి.

"పై వాళ్ళని అడుగమ్మా," అన్నాడు వాసిం. "రెండు పేర్లూ రాయొచ్చేమో."

జాయిస్ విజయవాడలో ఉన్న భవానీప్రసాద్ గారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. ఈ పథకం కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే తయారయ్యాయి. గొంతు నెమ్మదైనదే.

"ఒక్క పేరే అమ్మా. ఇంట్లో గొడవలు రాకూడదనే అలా పెట్టాం."

షమీమ్ ఫోన్ దగ్గరికి వంగింది. "అయ్యా, మీ అమ్మగారున్నారా?"

"ఉన్నారమ్మా."

"ఆమెకి బాలేకపోతే కడిగేదెవరండి? ఒక్క పేరు చెప్పండి."

"జాయిస్, పది లోపల తేల్చి పంపించు," అని పెట్టేశాడాయన.

షమీమ్ వెనక్కి తిరిగి చూసేసరికి బకెట్ లేదు.

ఫర్హత్ చీర కుచ్చెళ్ళు నడుముకి దోపుకుని, బకెట్, దుప్పటి, తువ్వాలు తీసుకుని గదిలోకి వెళ్తోంది. "కాగితం అబద్ధమనే కదా మీ బాధ? నిజం చేస్తా. ఇవాళ్టి నించి."

"వద్దు. నేను చేస్తా," షమీమ్ అడుగు ముందుకేసింది. "ఫర్హత్, వద్దన్నా. ఆగు!"

ఆ గొంతులో పంతం కాదు, భయం ఉంది. వాసిం ఆ భయాన్ని విన్నాడు. దేనికో మాత్రం తెలియలేదు.

తలుపు మూసుకుంది. నీళ్ళ చప్పుడు. మంచం కిర్రు. ముసలామె గొణుగుడు, ఫర్హత్ సముదాయింపు. తన కన్నతల్లిని చివరి ఏడాది ఫర్హత్తే చూసుకుందని ఎవరికీ గుర్తులేదు. ఈ పని ఆమెకి కొత్త కాదు.

తర్వాత చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

తలుపు తెరుచుకుంది. ఫర్హత్ తడిచేతులతో గుమ్మంలో నిలబడింది. చేతులు కట్టుకున్నప్పటి బింకం మొహంలో లేదు.

"అక్కా, అత్తమ్మ నడుం కింద ఆ పుండు ఎప్పట్నించి ఉంది?"



"పుండేంటి?" అన్నాడు వాసిం.

"అరచెయ్యంత ఉంది బావగారూ. లోపలికి దిగింది. గుడ్డ కట్టి, పైన చీర కప్పి ఉంచింది."

జాయిస్ వేలు ట్యాబ్ మీద ఆగిపోయింది. "నా ముందర అన్నారు కదండీ," అంది, దాదాపు బతిమాలుతున్నట్టు. "ఇప్పుడు రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. పుండ్లున్నాయా అని ఇక్కడ అడుగుతోంది. ఉన్నాయంటే ఇంకో గడి తెరుచుకుంటుంది. ఎవరి సంరక్షణలో ఉండగా వచ్చింది అని."

"రాస్తే ఏమవుతుంది?" అడిగాడు ఐజాజ్.

"ఆ పేరున్న మనిషికి ఇంక ఆయాని ఇవ్వరు. విచారణకొస్తారు. పెద్దావిణ్ణి ఈ ఇంట్లో ఉంచాలా, ఎక్కడికన్నా పంపాలా అని చూస్తారు."

ఫర్హత్ చప్పున అంది, "అప్పుడు నా పేరు లేదు. పదిరోజుల్లో అంత పుండు పడదు. నా పేరు తీసెయ్యమ్మా. వేలిముద్ర వేస్తా, ఇటివ్వు."

తడివేలు చీరకి తుడుచుకుని మిషను మీద నొక్కింది. ట్యాబ్ చిన్నగా మోగింది. అరగంట క్రితం ప్రాణం పోయినా వెయ్యనన్న ముద్ర.

గడి ఖాళీ అయింది.

తొమ్మిదీ నలభై అయింది. షమీమ్ మొగుడి మొహంలోకి చూసింది. పొద్దుట్నించీ అతన్ని సూటిగా చూడ్డం అదే మొదటిసారి.

"ఇరవై రోజులైంది," అంది. "నాకు జ్వరమొచ్చి మూడు రోజులు ఒళ్ళు తెలీకుండా పడున్నానే, అప్పుడు. అలారం పెట్టుకుని నేను తిప్పుతాలే, నువ్వు పడుకో అన్నారు మీరు."

వాసిం చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. అలారం మోగింది. మూడు రోజులూ మోగింది. ఆపుకున్నది అతనే.

"లేచి చూసేసరికి చర్మం ఊడొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మిమ్మల్నంటారని చెప్పలేదు." ఆమె జాయిస్ వైపు తిరిగింది. "నా పేరే రాయమ్మా. చూసుకునేదీ నేనే. పుండు పడిందీ నా చేతిలోనే. రెండు గళ్ళల్లోనూ రాసెయ్యి."

"ఆంటీ, రాస్తే మీకు ఆయా రాదు. పెద్దావిణ్ణి కూడా..."

"తెలుసు. అబద్ధాలు రాసి చూశాం కదా."

షమీమ్ కుడి బొటనవేలు ముందుకు చాపింది. మిషను మీద ఎర్రదీపం వెలిగింది.

వేలు తగలబోతుండగా వాసిం ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు," అన్నాడు.

ఐజాజ్ అన్నవైపు చూశాడు. జాయిస్ గడియారం చూసుకుంది. షమీమ్ చెయ్యి విడిపించుకోలేదు.

"చెప్పండి," అంది. "ఎవరి పేరు?"